మందుచీటి – ఇంటిఖర్చు



గుండెకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చినప్పుడు బీదకుటుంబమును ఆదుకొను పథక మొకటి మన రాష్ట్రమున కలదు. ఆరోగ్యశ్రీ యను పేరున అది 2007వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీని మొట్టమొదట మూడు జిల్లాలలో ఆరంభింపబడెను. శ్రీకాకుళము, మహబూబునగరములతో పాటు మన అనంతపురము ఆ మూడింటిలో నొకటి. నేడది డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ యను పేరున నడచుచున్నది. ఆసుపత్రిలో పడక చేరిన రోగికి అది కొండంత అండ. కాని ఇంటనే యుండి, చేనిపని చేసికొనుచు, దినమునకు రెండు మూడు మాత్రలు మ్రింగుచు, ఇరువది ముప్పది యేండ్లు గడపవలసినవాని మాట యేమి? రక్తపుపోటు, మధుమేహము, ఉబ్బసము, మూర్ఛ, థైరాయిడు మున్నగునవి తఱచు పడక చేర్చు వ్యాధులు కావు; నెలనెలకు జేబు తడవు వ్యాధులు. వీని మాత్రలకు కార్డు సామాన్యముగా పనికిరాదు. బీమా కంపెనీలవారి పత్రములును చాలవఱకు పడక చేరినవానికే డబ్బు చెల్లించును.

దేశమున వైద్యమునకగు మొత్తము వ్యయములో ప్రజలు నేరుగా తమ చేతినుండి చెల్లించునది 2013-14లో నూటికి 64 పాళ్ళుండెననియు, 2021-22 నాటికి 39 పాళ్ళకు దిగినదనియు జాతీయ ఆరోగ్యవ్యయ గణనములు తెలుపుచున్నవి. దిగినందుకు సంతోషింపవలసినదే. ఐనను మిగిలిన యా 39 పాళ్ళు ఎవరి కొంగుముడినుండి పోవుచున్నవో మీరెఱుగుదురు.

నేను వైద్యుడను గాను. ఔషధశాస్త్రము చదివినవాడను గాను. ఉన్నత పాఠశాలలో తెలుగును సంస్కృతమును చెప్పి విశ్రాంతి పొందినవాడను. మందుల అట్టలపై అక్షరములు ఇంగ్లీషున నుండుటచేత, మా వీధివారు తమ చీటీలను, అట్టలను తెచ్చి నాచేత చదివించుకొందురు. ఆ చదువుటలో నేను గమనించిన సంగతులను, వైద్యులను, మందుల అంగడివారిని అడిగి తెలిసికొన్న వానిని నేడు మీకు విన్నవించెదను.

మన పీఠభూమిలో ఏటికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అదియైనను వేళకు పడునను నమ్మకము లేదు. వేరుసెనగ చేతికి రాని యేట రైతు ఇంటిలో ఖర్చు తగ్గించుకొనుటకు చోటు మిక్కిలి తక్కువ. అప్పుపై వడ్డీ ఆగదు. పిల్లల రుసుము ఆగదు. పశువుల మేత ఆగదు. ఆపదగినట్లు కనబడునది మాత్ర యొక్కటే. ఏలయనగా రక్తపుపోటు మాత్ర మానినచో ఆనాడు నొప్పి పుట్టదు, మఱునాడును పుట్టదు. మా ప్రాంతపు రైతొకడు దినము విడిచి దినము మాత్ర వేసికొని, నెలకు వ్రాసిన మందును రెండు నెలలు నడపుచుండెను. అది పొదుపని ఇంటివారితో చెప్పుచుండెనట. ఏడాది తిరుగకముందే కుడికాలు, కుడిచేయి పడిపోయెను. తరువాత అతని భార్య తెచ్చి చూపిన చీటిని నేను చదివితిని. అందున్న మాత్ర ఎమ్లోడిపిను. అది ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా నిచ్చు మందు. కాని చీటిలో నుండినది కంపెనీవారు పెట్టిన పేరు; ఆరోగ్యకేంద్రములో చెప్పు పేరు వేఱు. రెండును ఒకటేయని ఆ ఇంటిలో తెలిసినవారు లేరు. నేటి నా ప్రసంగమంతయు ఆ రెండు పేర్లను గూర్చియే యనుకొనుడు.

అమరకోశము వల్లెవేసినవారికి ఇది క్రొత్తసంగతి కాదు. అందు వనౌషధివర్గమని యొకటి కలదు. ఒక్క తిప్పతీగకే గుడూచి, అమృత, ఛిన్నరుహ, మధుపర్ణి మున్నగు పేర్లెన్నో అందు చెప్పబడినవి. అంత దూరమేల? ఒకే గింజను పుస్తకములో వేరుసెనగ యందుము. కొందఱు పల్లీ యందురు. మనవైపు శెనక్కాయ యనియు, బుడ్డలనియు అందుము. బుడ్డలని అడిగినచో ఒక ధర, పల్లీలని అడిగినచో దానికి అయిదింతల ధర చెప్పు అంగడివానిని మనము ఊరకుండనిత్తుమా? మందుల విషయమున మాత్రము ఊరకున్నాము.

ప్రతి మందునకును రెండు పేర్లుండును. ఒకటి ద్రవ్యము పేరు. అది ఏ కంపెనీ చేసినను మాఱదు. దానినే జెనరిక్ పేరందురు. రెండవది కంపెనీవారు తమ సరకునకు పెట్టుకొన్న ముద్దుపేరు. పారాసిటమాలు ద్రవ్యము, క్రోసిను, డోలో, కాల్పాలు ముద్దుపేర్లు. 2018 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, ఒకటి రెండు ద్రవ్యములు గల మందుల అట్టపై ద్రవ్యము పేరును ముద్దుపేరుకంటె పెద్ద అక్షరములతో అచ్చొత్తవలెను. కావున కన్ను తెఱచి చూచినచో ఆ పేరు అట్టపైననే కనబడును. దాని ప్రక్కనే 5 అనియో, 500 అనియో మిల్లీగ్రాముల లెక్కయుండును. ఈ పేరు, ఈ లెక్క రెండును కలిసిననే మందు. ఒకటి తప్పినను అది మఱియొక మందు. ఛందస్సులో మాత్ర తప్పినచో పద్యము కుంటుపడును. ఇక్కడ కుంటుపడునది మనిషి.

రామాయణమున ఆంజనేయస్వామి ఓషధిని గుఱుతింపలేక పర్వతమునే పెకలించి తెచ్చెను. ఆయనకు బలముండెను గనుక చెల్లినది. మనమును పేరు తెలియకపోవుటచేతనే మూలికకు బదులు పర్వతమును మోయుచున్నాము.

ఒకే ద్రవ్యమునకు ధరలో ఇంత భేద మెట్లు కలిగెనని మీరడుగవచ్చును. క్రొత్తమందును కనిపెట్టినవారికి కొంతకాలము పేటెంటు హక్కుండును. ఆ కాలములో ఇతరులు దానిని చేయరాదు. కావున వారు చెప్పినది ధర. మన దేశమున 1970 నాటి పేటెంటు చట్టము మందు ద్రవ్యమునకు హక్కు నీయక, దానిని తయారుచేయు విధానమునకు మాత్రమే యిచ్చెను. మఱియొక విధానమున అదే ద్రవ్యమును చేయుటకు అందువలన దారి యేర్పడెను. ఆ చట్టము నీడననే హైదరాబాదు చుట్టుపట్ల ఔషధకర్మాగారములు పెరిగినవి. 2005లో చట్టము సవరింపబడి ద్రవ్యమునకును పేటెంటు వచ్చెను. ఐనను ప్రజలకు అందుబాటులో లేని ధర పెట్టినచో ఇతరులకు నిర్బంధముగా అనుమతి నిచ్చు సెక్షను చట్టములో నిలిచియున్నది. దానిని ఉపయోగించినది మన హైదరాబాదు కంపెనీయే. మూత్రపిండము, కాలేయముల క్యాన్సరునకు వాడు సోరాఫెనిబు అను మందు నెలకు 2,80,428 రూపాయలుండగా, 2012 మార్చిలో నాట్కో కంపెనీకి దానిని చేయుటకు అనుమతి లభించెను. నెలమందునకు గరిష్ఠధర 8,880 రూపాయలు. ద్రవ్యము అదే, జబ్బు అదే. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుడు.

పేటెంటు గడువు తీరుట యనునది మన ఇంటిఖర్చునకు పండుగవంటిది. మధుమేహమునకు వాడు సీటాగ్లిప్టిను గడువు 2022లో తీరినది. ఆ సెప్టెంబరులోనే జనౌషధి కేంద్రములలో 50 మిల్లీగ్రాముల పది మాత్రలు 60 రూపాయలకు వచ్చినవి. అప్పటికి ముద్దుపేర్ల సరకు 162 నుండి 258 రూపాయల వఱకు నుండెను. ఎంపాగ్లిఫ్లోజిను గడువు 2025 మార్చిలో తీరగా, సుమారు 60 రూపాయల మాత్ర పది రూపాయల లోపునకు దిగివచ్చెను. కాని ధర దిగినదని మీ ఇంటి తలుపు తట్టి చెప్పువారెవరును ఉండరు. పాత చీటి చూపి అదే ముద్దుపేరు కొనుచున్నవారు పాత ధరయే చెల్లించుచుందురు. కావున ఏడాదికొకసారియైన వైద్యుని చూచినప్పుడు, "ఈ మందు ఇప్పుడు చవుకగా ఎక్కడైనా వస్తోందా సార్?" అని అడుగుటలో సిగ్గుపడవలసినది లేదు.

క్రొత్తమందు ఎల్లప్పుడును మేలైనదనుకొనుటయు భ్రమయే. భీమవరమున 1895లో జన్మించి, అమెరికాలో పనిచేసి, 1948లో గతించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధక బృందమునుండి వెలువడిన మెథొట్రెక్సేటు నేటికిని కీళ్ళవాతమునకు ముఖ్యమైన మందు. మధుమేహమునకు మెట్‌ఫార్మిను 1957 నుండి వాడుకలో నున్నది. ఇవి పాతవి, చవుకైనవి, గుణదోషములు బాగుగా తెలిసినవి. పాతమందు వ్రాసిన వైద్యుడు తెలివితక్కువవాడని తలపోయువారు మనలో కొందఱు కలరు. వారి నెలఖర్చు నాకు తెలియును.

ఇక ప్రభుత్వపు ధరకట్టును గూర్చి కొంచెము చెప్పెదను. 2013 నాటి ఔషధధరల నియంత్రణపుటుత్తరువు ప్రకారము, అత్యవసర ఔషధముల జాతీయపట్టికలోని మందులకు గరిష్ఠధర కట్టబడును. విపణిలో నూటికి ఒక పాలైనను అమ్మకము గల కంపెనీలు చిల్లరవర్తకునికిచ్చు ధరల సగటు తీసి, దానిపై నూటికి 16 వర్తకుని లాభము కలిపి యా గరిష్ఠధర నిర్ణయింతురు. 2022లో సవరించిన పట్టికలో 384 మందులున్నవి. పట్టికలో లేనివానిపై ఏటికి నూటికి 10 వఱకు ధర పెంచుకొనవచ్చును. ఇందొక కిటుకున్నది. పట్టికలోని ద్రవ్యమునకు మఱియొక ద్రవ్యమును జోడించి ఒకే మాత్రగా చేసినచో, ఆ జోడుమాత్ర పట్టికలో లేనిపక్షమున ఈ కట్టునకు లోబడదు. జోడుమాత్రలన్నియు మోసములని నేననను. ఒకే మాత్ర యైనచో మఱపు తగ్గును; కొన్నియెడల చవుకయు కావచ్చును. ఐనను రెండు ద్రవ్యములను విడివిడిగా కొన్నచో ఎంతయగునో ఒకసారి లెక్కచూచి, వైద్యుని సమ్మతితో నిశ్చయించుకొనవలెను. ధరలు చూచుటకు ఔషధధరల సంస్థవారి "ఫార్మా సహీ దామ్" అను సాధనము చేతిఫోనులో దొరకును. ద్రవ్యము పేరు కొట్టినచో ఏ పేరు సరకు ఎంతకు వచ్చునో చూపును. మీ మనుమడో మనుమరాలో క్షణములో తీసి చూపగలరు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. "చీటిలో ఉన్న దానికి బదులు అదే ద్రవ్యము గల చవుకమందు ఇయ్యి" అని అంగడిలో అడిగినచో, చట్టప్రకారము అంగడివాడు ఇయ్యరాదు. వైద్యుని చీటిపై మాత్రమే అమ్మవలసిన మందుల విషయమున, చీటిలో వ్రాసిన సరకునకు మాఱుగా మఱియొక సరకు నిచ్చుట, ద్రవ్యము ఒకటేయైనను, ఔషధముల నిబంధనలలో నిషేధింపబడినది. కావున అడుగవలసిన చోటు అంగడి బల్ల కాదు, వైద్యుని బల్ల. వైద్యులు ద్రవ్యము పేరుతోనే, స్పష్టమైన అక్షరములతో వ్రాయవలెనని 2016లో భారత వైద్యమండలి తన నియమమును సవరించెను. 2023 ఆగస్టులో దీనినే ఇంకను గట్టిగా చెప్పుచు వచ్చిన క్రొత్త నిబంధనలు ఆ నెలలోనే నిలుపుదల చేయబడినవి. చట్టముల పోరు అట్లుండనిండు. వైద్యుని గదిలోనుండి లేచుటకు ముందు, "సార్, ఈ మాత్రల అసలు పేర్లు కూడా రాసియ్యండి. నెల నెలా కొనాల. చవుకగా దొరికే చోట తీసుకుంటాను" అని ఒక్కమాట చెప్పినచో, కాదను వైద్యులు నాకు తెలిసినంతలో అరుదు. రోగి యడుగడు గనుక వారు వ్రాయరు, అంతియే.

అట్లు వ్రాయించుకొన్న చీటికి ప్రథమ స్థానము జనౌషధి కేంద్రము. కేంద్రప్రభుత్వమువారి ఈ పథకమున మొదటి అంగడి 2008 నవంబరులో అమృతసరమున తెఱవబడెను. కొంతకాలము కుంటినడక నడచి, తరువాత పుంజుకొని, 2025 జనవరి నాటికి దేశమున 15,000 కేంద్రములైనవి. సుమారు రెండువేల మందులు వీని పట్టికలో గలవు. ముద్దుపేర్ల సరకుతో పోల్చినచో ధర నూటికి 50 నుండి 80 పాళ్ళు తక్కువ. ప్రతి బ్యాచిని గుఱుతింపుపొందిన ప్రయోగశాలలో పరీక్ష చేయించినపిమ్మటనే అంగడికి పంపుదురు. దగ్గఱనున్న కేంద్ర మెక్కడో తెలిసికొనుటకు 1800 180 8080 సంఖ్యకు రుసుము లేకుండ ఫోను చేయవచ్చును. ఇందలి లోపమును చెప్పవలెను: అన్ని మందులు అన్నివేళల నుండవు. మాత్రలు అయిపోయిన దినమున బయలుదేరినవాడు వట్టిచేతులతో తిరిగివచ్చి, ప్రక్కయంగడిలో ఖరీదైనది కొనును. వారము ముందుగా పోయినవాడు, లేనిచో తెప్పించుమని చెప్పి రాగలడు. మడకసిర వైపునుండియో, రాయదుర్గము పల్లెలనుండియో బస్సుఖర్చు పెట్టుకొని వచ్చువారు, వైద్యుని అనుమతి యున్నచో రెండు మూడు నెలలకు చాలునంత ఒక్కసారే కొనుట మేలు. ఒక వీధివారు నలుగురు కలిసి ఒకనిని పంపుటయు కలదు. మా వీధిలో ఆ పద్ధతి నడచుచున్నది.

సాధారణపు మందుల అంగళ్ళలోను జెనరిక్ అను పేరుతో అమ్ముదురు. అక్కడ జాగ్రత్త కావలెను. కొన్ని కంపెనీలు వర్తకునికి మిక్కిలి తక్కువ ధరకిచ్చుచు, అట్టపై మాత్రము పెద్దధర అచ్చొత్తును. అట్టిచోట మిగులునది వర్తకునికి, మనకు కాదు. జెనరిక్ అను మాట విని సంతోషింపక, అట్టపై అంకెను చూచి, తగ్గింపు ఎంతయని అడుగవలెను. మఱియొక మాట: 2025 సెప్టెంబరు 22 నుండి మందులపై జి.ఎస్.టి. సామాన్యముగా నూటికి 12 నుండి 5కు తగ్గింపబడినది. కొన్ని ప్రాణరక్షక ఔషధములపై పూర్తిగా తీసివేయబడినది. ఆ తగ్గింపు మీ బిల్లులో కనబడవలెను. బిల్లు తీసికొనని వానికి ఏదియు కనబడదు.

"చవుకమందు పనిచేయునా?" అని ప్రతివారును అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. నాణ్యత చాలని మందులను ప్రభుత్వపు ఔషధనియంత్రణశాఖవారు నెలనెలకు ప్రకటించుచున్నారు. ఆ ప్రకటనలలో చవుకవియు నుండును, పేరుమోసినవియు నుండును. ధర నాణ్యతకు సాక్షి కాదు. దేహములో సరిగా కరగని కొన్ని తరగతుల ద్రవ్యములకు, క్రొత్తగా తయారుచేయువారు తమ మందు రక్తమున అసలుమందుతో సమానముగా చేరునని చూపవలెనని 2017లో నియమము చేసిరి. ఐనను కొన్ని మందులున్నవి. మూర్ఛకు వాడు ఫెనిటాయిను, రక్తము గడ్డకట్టకుండ వాడు వార్ఫారిను, థైరాయిడు మాత్ర, మనోవ్యాధికి వాడు లిథియము — వీనిలో కొలత రవంత హెచ్చినను తగ్గినను చెఱుపు కలుగును. ఇట్టివానిలో ఒక కంపెనీనుండి మఱియొకదానికి మాఱవలెనన్న వైద్యునికి చెప్పియే మాఱవలెను. మాఱిన పిదప రక్తపరీక్ష చేయించుకొనవలెను. మాఱిన తరువాత నెలకొక పేరు మాఱ్చుచుండరాదు. ఇక్కడ నాలుగు రూపాయల పొదుపునకు ఆశపడకుడు.

కొనుటకు ముందు, కొననక్కఱలేని చోట్లు చూచుకొనవలెను. రక్తపుపోటునకు, మధుమేహమునకు సామాన్యముగా వాడు మాత్రలు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా నిత్తురు. 104 బండి పల్లెకు వచ్చు దినమున ఆ మాత్రలు ఇంటిముందటనే దొరకును. క్షయకును, హెచ్.ఐ.వి.కిని మందులు ప్రభుత్వకేంద్రములలో పూర్తిగా ఉచితము. పాముకాటునకు విషహరమును, కుక్కకాటునకు టీకాలును ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. బుడ్డల చేలలో పనిచేయువారికి ఈ సంగతి తెలియకుండుట ప్రమాదము. దారిలో ప్రైవేటు తలుపులు తట్టుచు గంటలు పోగొట్టుకొనుట ఇంకను ప్రమాదము. 1969లో మన జిల్లాకు వచ్చిన విన్సెంటు ఫెర్రరుగారు స్థాపించిన సంస్థ బత్తలపల్లిలో నడపు ఆసుపత్రిని, పుట్టపర్తి ప్రశాంతిగ్రామమున 1991లో నెలకొల్పబడిన ఉచిత వైద్యశాలను మీలో చాలమంది ఎఱుగుదురు. తక్కువమందికి తెలిసినది ఇంకొకటి: వైద్యసేవ పథకము క్రింద శస్త్రచికిత్స జరిగిన కొన్ని వ్యాధులలో, ఇంటికి వచ్చినపిమ్మట కొంతకాలము పరీక్షలును మందులును కూడ ఆ పథకమే ఇచ్చును. ఆసుపత్రినుండి విడుదలయగునాడు అక్కడి ఆరోగ్యమిత్రను ఆ మాట యడిగియే రావలెను.

మఱియొక దుబారా. చీటిలో అయిదు మందులున్నవనుకొనుడు. అందు వ్యాధికి అవసరమైనవి రెండో మూడో యుండును. మిగిలినవి బలమునకనియు, అరుగుదలకనియు వ్రాయు టానిక్కులు, విటమినులు. డబ్బు చాలనివాడు ఏమి చేయును? అయిదింటిలో చవుకైన రెండు కొని, ఖరీదైనవానిని వదలివేయును. వదలినది ప్రాణమునకు కావలసినదియో, టానిక్కో వానికి తెలియదు. "సార్, నా దగ్గర ఇంతే ఉంది. వీటిలో తప్పనిసరి ఏవి?" అని అడిగినచో వైద్యుడు గీత గీసి చూపును. ఇట్లడుగుట గౌరవభంగము కాదు. జ్వరము వచ్చినదనగానే సూది వేయించుకొని గ్లూకోజు నీళ్ళు ఎక్కించుకొననిదే తృప్తిపడని యలవాటు మన పల్లెలలో బలముగా నున్నది. ఆ సీసాలో నుండునది చాలవఱకు నీరు, కొంచెము చక్కెరయో ఉప్పో. నోటితో త్రాగగలవానికి అంబలియు, మజ్జిగయు ఆ పని చేయును. ఈ మాటకు నాపై కోపించువారు మా వీధిలోనే కలరు.

పెద్దకొలత మాత్రను కొని సగము విఱిచి రెండు దినములు వాడుట కొన్నిటిలో లాభకరమే. 10 మిల్లీగ్రాముల మాత్ర 5 మిల్లీగ్రాముల మాత్రకు రెట్టింపు ధర యుండదు గదా! కాని అది వైద్యుడు చెప్పినప్పుడు, నడుమ గీత గల మాత్రకే చెల్లును. పేరు చివర ఎస్.ఆర్., ఎక్స్.ఆర్., ఇ.ఆర్. అను అక్షరములున్న మాత్రలు మెల్లమెల్లగా కరగునట్లు చేయబడినవి. వానిని విఱిచినచో దినమంతటి మందు ఒక్కసారే రక్తములోనికి దుముకును. క్రిమిసంహారకపు మాత్రలను జ్వరము తగ్గినదని నడుమ నాపి, మిగిలినవి వచ్చేసారికి దాచుట పొదుపు కాదు.

చిల్లరగా నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చునప్పుడు, పేరును గడువుతేదీయు గల తునుక అంగడివాని చేతిలో మిగిలిపోవును. వీలైనంతవఱకు పూర్తి అట్ట తీసికొనుడు. లేనిచో ఆ పేరు, తేదీ బిల్లుపై వ్రాయించుకొనుడు.

ఇన్సులిను వాడువారికి ఒక సంగతి చెప్పి ముగించెదను. మన వేసవిలో రేకుల ఇంటిలో ఉంచిన ఇన్సులిను చెడును. చెడినదని కంటికి తెలియదు. చక్కెర దిగకపోవుట చూచి కొలత పెంచుదురు, ఇంకొక సీసా కొందురు. తెఱవని సీసాను మంచుపెట్టెలో, గడ్డకట్టు అరకు దూరముగా ఉంచవలెను. మంచుపెట్టె లేనివారు పెద్ద మట్టికుండలో ఇసుక పోసి, నీటితో తడిపి, అందు చిన్న మట్టిపిడత నుంచి, ఆ పిడతలో సీసాను తడి తగులకుండ సంచిలో చుట్టి పెట్టి మూత వేయుడు. మన గాలి పొడిగాలి. తడి త్వరగా ఆవిరియై కుండ బాగుగా చల్లబడును. కోస్తావారికంటె ఈ ఉపాయము మనకే హెచ్చుగా ఉపకరించును. వాడుకలోనున్న సీసాను నీడపట్టున ఇట్లుంచి, తెఱచిన తేదీని దానిపై వ్రాసి, నాలుగు వారములలో ముగింపవలెను. ఇసుక ఆఱకుండ ప్రొద్దున, సాయంత్రము నీళ్ళు చల్లుచుండుడు.